వెండి పెంచే ముందు ఒక్క మాట

శ్రావణీ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ప్లేటు మధ్యలో, పాడైన చిగురు తిరిగి పెరగడానికి నువ్వు నానో వెండి (అతి సన్నని వెండి రేణువులు) కలిపి దారాలతో తీసిన స్కాఫోల్డ్ పొర ముక్క, దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని గుండ్రటి ఖాళీ. నానో వెండి మోతాదు పెంచేకొద్దీ ఆ ఖాళీ కూడా పెరుగుతోందని ఎంత సంబరంగా రాశావో! ఒకప్పుడు నేనూ అలాంటి ఫోటోలు గోడకు అంటించుకున్నదాన్నే. అందుకే కాస్త చన్నీళ్లు చల్లుతున్నాను, ఏమీ అనుకోకు.

పక్కన ఉండాల్సిన రెండో ఫోటో ఏది? అదే మోతాదులో చిగుళ్ల ఫైబ్రోబ్లాస్టులు, అంటే చిగురును కట్టే కణాలు, ఏమయ్యాయి? నువ్వు చేస్తున్నది మందు పూత కాదమ్మా, కణాలు వచ్చి కాపురం పెట్టాల్సిన ఇల్లు. బ్యాక్టీరియాను చంపడం అక్కడ కాపలా పని. కాపలా కుక్క ఇంట్లోవాళ్లనే కరుస్తుంటే ఎవరు ఉంచుకుంటారు? లెక్క తిరగేసి చెయ్యి. కణాలు ఏ మోతాదు దాకా హాయిగా ఉన్నాయో ముందు తేల్చుకో, ఆ గీత లోపలే బ్యాక్టీరియా సంగతి చూడు. వైద్య పరికరాలు కణాలకు హాని చేస్తాయో లేదో తేల్చే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10993-5 ప్రకారం బతికిన కణాలు 70 శాతం కంటే తగ్గితే విషప్రభావం ఉన్నట్టు లెక్క. అలాగని 71 వచ్చిందని పండగ చేసుకోకు. ఆ కణాలు దారం పట్టుకుని సాగుతున్నాయా, కొలాజెన్ అనే కణజాల ప్రొటీన్ తయారు చేస్తున్నాయా అన్నది వేరే ప్రశ్న. ఇంకోటి, బతికిన కణాలను రంగుతో లెక్కించే ఎంటీటీ పరీక్షలో వెండి తానే రంగు తెచ్చి మోసం చేయగలదు. కణాలు లేకుండా ఒట్టి స్కాఫోల్డ్‌తో పరీక్ష పళ్లెంలో ఒక గుంట తప్పకుండా పెట్టు.

ఇక ఆ బ్యాక్టీరియా. నువ్వు వాడినవి ఈ.కోలై, స్టాఫ్. సులువుగా పెరుగుతాయి కాబట్టి అందరూ వాటితోనే మొదలుపెడతారు, తప్పులేదు. కానీ చిగురుకీ పంటికీ మధ్య లోతుగా పడిన పాకెట్‌లో కూర్చునేది చిగుళ్ల జబ్బు తెచ్చే పార్ఫైరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా, దాని జట్టూ. దానికి ఆక్సిజన్ గిట్టదు. రక్తం కలిపిన అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) కావాలి, ఇనుమున్న హెమిన్, విటమిన్ కె కావాలి, వీటన్నిటికీ మించి ఓపిక కావాలి. మొదటి రెండు మూడు రోజులు ప్లేటు ఖాళీగా కనబడి టెన్షన్ పెడుతుంది. ఆక్సిజన్ లేని చాంబర్‌లోంచి తీసి చూడాలనిపిస్తుంది, తీయకు. వారం పది రోజులకు నల్లటి చుక్కలు తేలతాయి. వాసన మాత్రం ముందే చెబుతున్నా, భరించాలి.

ఇంత కష్టం ఎందుకంటావా? నానో వెండిలో చంపే పని చాలావరకు దాని నుంచి ఊడే అయాన్లదే (విద్యుదావేశమున్న వెండి పరమాణువులు). అయాన్ ఊడాలంటే వెండి రేణువుకి ఆక్సిజన్ తగలాలి. గాలి తగిలే ప్లేటు మీద సింహంలా ఉన్న నీ వెండి, గాలి అందని పాకెట్‌లో పిల్లి కావచ్చు. పైగా అక్కడి బ్యాక్టీరియా పాచిలా పొరలు కట్టుకుని బంక లోపల దాక్కుంటుంది. ఒంటరిగా తేలే బ్యాక్టీరియా మీద వచ్చిన ఫలితాన్ని ఆ పొరకు అంటగట్టకు. ఇంకా, చిగురు అంచు నుంచి ఊరే ద్రవం పాకెట్‌ను ఆగకుండా కడుగుతూనే ఉంటుంది. అయిదు మిల్లీమీటర్ల పాకెట్‌లో ఆ ద్రవం గంటకు దాదాపు 40 సార్లు మారిపోతుందని అంచనా. మొదటి రోజే మందంతా వదిలేసే స్కాఫోల్డ్, మూడో రోజుకు ఒట్టి గుడ్డ ముక్కే. గుండ్రటి ఖాళీ ఇవేవీ చూపించదు.

దారాల సంగతి క్లుప్తంగా చెబుతా. పీసీఎల్ అనే ప్లాస్టిక్ ఒక్కటే వాడితే కణాలకు నీళ్లంటని గోడలా ఉంటుంది, ఒంట్లో కరగడానికి రెండేళ్లు పైనే పడుతుంది. జెలటిన్ ఒక్కటే అయితే తడి తగలగానే జారిపోతుంది. రెండూ కలిపి, క్రాస్‌లింక్ చేసి (రసాయనంతో అణువులను ఒకదానికొకటి ముడివేసి), మిగిలిన రసాయనాన్ని బాగా కడుగు. నా మొదటి బ్యాచ్ ఎలా పోయిందో తెలుసా? నెలరోజులు కూర్చుని తీసిన పొరలను అలవాటుగా, ఆవిరి వేడితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో పెట్టాను. పీసీఎల్ 60 డిగ్రీలకే కరుగుతుందని నాకు తెలుసు, ఆ పూట గుర్తు రాలేదంతే. తలుపు తీస్తే గోరంత ముద్ద! శుద్ధి చేసే పద్ధతి ముందే తేల్చుకుని, ఆ శుద్ధి అయిన ముక్కతోనే అన్ని పరీక్షలూ చెయ్యి.

పొర ఒకవైపు బిగుతుగా, మరోవైపు వదులుగా తీయాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. చిగురు పైచర్మం కణాలు అందరికంటే వేగంగా పాకి వచ్చి చోటు ఆక్రమిస్తాయి. వాటిని ఆపి, కింది కణజాలానికి టైమ్ ఇస్తే పంటి పట్టు తిరిగి వస్తుందని నైమన్, లిండే అనే పరిశోధకుల బృందం 1982లోనే మనిషిలో చూపించింది. నీ బిగుతు వైపు చేయాల్సింది ఆ పనే. దాన్ని మాత్రం మార్చకు.

తడిపిన ముక్కను ఒక పెరియోడాంటిస్ట్ (చిగుళ్ల వైద్యుడు) చేతికిచ్చి, కుట్టి చూడమను. సూది గుచ్చిన చోట చిరిగితే మిగతా గ్రాఫులన్నీ పక్కన పెట్టాల్సిందే. నేను ఆ పని చివర్లో చేశాను, నువ్వు ఈ వారమే చెయ్యి.

వెండి ఇప్పుడున్న దానిలో సగానికీ, పావుకీ తగ్గించి, ఫైబ్రోబ్లాస్టుల ఫోటోలు పంపు. ఖాళీ ఎంత చిన్నదైనా సరే, దాచకుండా పంపు.

ఆశీస్సులతో,
నీ మేడమ్