తడి పరీక్ష మానకు తల్లీ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాలిమర్ కలిపిన తారుతో వేసే రోడ్డు పనంతా నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంతో గర్వపడ్డాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కంకరకు దుమ్ము లేకుండా చూడు. రోడ్డుకు వాలు సరిగా పెట్టించు. ఇవి నీకు తెలిసినవే.

నీ వయసులో నేనూ ఇలాంటి తారుతోనే ఒక రోడ్డు వేశాను. తారు, కంకర కలిపి అచ్చుపోసిన దిమ్మెలు పొడిగా చూపిన బలానికి మురిసిపోయి, వాటిని నీటిలో నానబెట్టి చూసే తడి పరీక్ష అక్కర్లేదని నేనే సంతకం పెట్టాను. కంకరేమో గ్రానైట్. ఆ రాయికి తారుకన్నా నీరంటేనే మక్కువ. సందు దొరికితే చాలు, నీరు తారును తోసేసి రాయిని తాను పట్టుకుంటుంది. పాలిమర్ తారుకు గట్టిదనం, సాగే గుణం ఇస్తుందే గాని, రాయితో పొత్తు దానంతటదే కుదర్చదు. చదివిన విషయమే, అయినా పక్కన పెట్టాను. పైగా చివరి రోజు మబ్బు పట్టిందని, మిశ్రమం చల్లారుతున్నా రోలర్ తిప్పించి ముగించాను. లోపల 10 శాతం గాలి ఖాళీలు మిగిలాయి. 8 శాతం లోపైతే నీరు సులువుగా దూరదు. మరీ ఎక్కువైతే దూరినా పారిపోతుంది. ఆ మధ్యలో అయితే చొరబడి అక్కడే నిలుస్తుంది. పైకి రోడ్డు నున్నగానే ఉంది. రెండో వర్షాకాలంలో గుంత పడింది. వంగి ఒక రాయి తీశాను. కడిగినట్టు తెల్లగా ఉంది, తారు చుక్కైనా లేదు. ముందురోజు రాత్రి ఆ గుంతలోనే ఒక కుర్రవాడు బండితో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

అందుకే నీకు కోపం వచ్చినా చెబుతాను. తారు రాయిని వదలకుండా, కంకర బరువులో 1 నుంచి 2 శాతం చల్లార్చిన సున్నం కలిపించు. ఆరబెట్టక ముందు, తడిగా ఉన్నప్పుడే. సున్నానికి బదులు, అదే పనికి తారులో కలిపే ద్రవం వాడితే, దాన్ని వేడి తారులో రోజుల తరబడి ఉంచనివ్వకు, పట్టు తగ్గుతుంది. పరీక్ష దిమ్మెల్లో ఖాళీలు 7 శాతం ఉండాలి. బాగా బిగించిన దిమ్మె నీరే పీల్చదు, ఉత్తపుణ్యానికి నెగ్గుతుంది. 60 డిగ్రీల నీటిలో 24 గంటలు నానిన దిమ్మెల బలం, పొడివాటి బలంలో 80 శాతం కన్నా తగ్గితే పని ఆపు. పైవాళ్లు అరుస్తారు, అరవనీ. ఎంత పొద్దుపోయినా నాకు ఫోను చెయ్యి.

ఎండలో తలకు గుడ్డ కట్టుకో తల్లీ. మొదటి తడి దిమ్మె పగలగానే దాని లోపలి ముఖం ఫోటో తీసి పంపు. అంకె తరువాత చెప్పవచ్చు, ముందు ఆ రాళ్లు నల్లగా ఉన్నాయో తెల్లబడ్డాయో నేను చూడాలి.

మీ మామయ్య