కేసు గెలిచాం, డబ్బు మాత్రం రాలేదు

ప్రశ్న: రోడ్డు వెడల్పు కోసం మా 38 సెంట్లు తీసుకుని తొమ్మిదేళ్లయింది. నోటీసూ లేదు, పైసా లేదు. హైకోర్టులో రిట్ వేస్తే ‘కాపీ అందిన నాలుగు వారాల్లో పిటిషనర్ అర్జీని పరిశీలించి తగిన ఉత్తర్వులు ఇవ్వండి’ అని ఆర్డర్ వచ్చింది. గెలిచామని ఊళ్లో స్వీట్లు కూడా పంచాం. కాపీ నేనే ఆఫీసుకెళ్లి ఇచ్చొచ్చాను. ఏడు నెలలైంది, ఎప్పుడడిగినా ఫైలు పైకి పంపాం అంటున్నారు. కోర్టు ధిక్కారం వేస్తే డబ్బు వస్తుందా? పేరు, ఊరు వేయకండి.

జవాబు: స్వీట్లు కాస్త తొందరపడి పంచారండీ. ఆ ఆర్డర్ మళ్లీ ఒకసారి చదవండి, డబ్బివ్వమని అందులో ఎక్కడా లేదు, మీ అర్జీ చూడమని మాత్రమే ఉంది. రేపు ఆ అధికారి ‘పరిశీలించాం, ఆ స్థలం రోడ్డు పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి, కనుక తిరస్కరిస్తున్నాం’ అని ఒక్క పేజీ కాగితం పంపితే ఆర్డర్ అమలైపోయినట్టే. ఇలాంటివి తరచూ జరుగుతాయి: మొదటి వాయిదాలోనే ప్రభుత్వ లాయరు పరిశీలిస్తాం అంటారు, మన లాయరు సరే అంటారు, కేసు మూసేస్తారు.

అలాగని అది చిత్తుకాగితం కాదు. గడువు దాటింది కాబట్టి ధిక్కార పిటిషన్ వేయొచ్చు, కానీ 1971 చట్టం ప్రకారం ఏడాదిలోపే వేయాలి, కాబట్టి ఇంకా ఆలోచిస్తూ కూర్చోకండి. శిక్ష ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండు వేలకు ఎవరూ భయపడరు, నిజమే. అయితే ఈ పిటిషన్ అధికారి పేరు పెట్టి వేస్తారు, కోర్టు రమ్మంటే ఆయనే వచ్చి జడ్జి ముందు నిలబడాలి. నెలల తరబడి కదలని ఫైలు సరిగ్గా ఆ వాయిదాకి రెండ్రోజుల ముందు పరుగులు పెట్టడం మన కోర్టుల్లో కొత్తేం కాదు. కానీ దాంతో మీకొచ్చేది జవాబు, చెక్కు కాదు.

చెక్కు కావాలంటే, వాళ్లు కాదన్న రోజున ఆ తిరస్కరణ మీదే కొత్త రిట్ వేయాలి. ఈసారి ‘పరిశీలించమని’ అడగొద్దు. 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం లెక్కగట్టి ఫలానా గడువులోగా చెల్లించమని అడగమని మీ లాయరుకి చెప్పండి. ఆస్తి హక్కు 1978 సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి పోయింది గానీ, చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తీ లాక్కోకూడదని రాజ్యాంగంలో 300ఎ అధికరణం ఉంది. తొమ్మిదేళ్లు ఏం చేశారని అడుగుతారని టెన్షన్ పడుతున్నారేమో, హిమాచల్ ప్రదేశ్‌లో 1967-68లో రోడ్డుకి భూమి పోయిన, చదువురాని 80 ఏళ్ల పెద్దావిడకి 2020లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. చట్టప్రకారం సేకరణే చేయకుండా భూమి తీసుకుని, ఇప్పుడు ఆలస్యమైందంటే కుదరదంది. యాభై ఏళ్లకి పైగా! ఆ లెక్కన మీరు నిన్న వచ్చినట్టే.

అసలు చిక్కు పోరంబోకు మాట దగ్గర వస్తుంది. భూమి ఎవరిదన్న తగవు లేస్తే హైకోర్టు సివిల్ కోర్టుకి వెళ్లమనొచ్చు, అక్కడ దావాకి ముందు ప్రభుత్వానికి రెండు నెలల నోటీసు ఇవ్వాలి, ఆ తర్వాత ఎన్నేళ్లో చెప్పలేం. అందుకే దస్తావేజు, పాత అడంగల్ (సాగు, అనుభవం రాసే గ్రామ రికార్డు), 1బీ (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే కొలతల పటం) ఇప్పుడే తీసుకోండి. సర్వేకి అర్జీ పెట్టి రోడ్డు మీ సర్వే నంబర్లో ఎంత మేర పోయిందో కొలిపించుకోండి.

అన్నట్టు, కాపీ ఇచ్చొచ్చాను అన్నారు, మీ దగ్గరున్న కాగితం మీద తపాలు సెక్షన్ ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నారా? లేకపోతే మాకు అందలేదంటారు, నాలుగు వారాల లెక్క మొదలే కాదు. ఇవాళే స్పీడ్ పోస్టులో ఇంకో కాపీ పంపి, డెలివరీ అయినట్టు ప్రింటు తీసి దాచుకోండి.