అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, కానీ మీ సొంత బోనస్ ఉంది కదా అన్నా!

అన్నా, అనంతపురం ఆయన దగ్గర ఆరేళ్ల పెట్రోల్ స్విఫ్ట్ కొన్నానని, ఇన్సూరెన్స్ తక్కువలో ఎలా చేయించుకోవాలని అడిగారు. "నాకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది, కారుతో పాటే మీకొస్తుంది" అని ఆయన చెప్పాడట. రాదన్నా. క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపే ఆ బోనస్, అది ఓనరుది. కారు చేతులు మారినా అది ఆయన దగ్గరే ఉంటుంది. పాలసీ మీ పేరుకు మార్చేటప్పుడు మిగిలిన కాలానికి ఆ తగ్గింపు డబ్బు మీ దగ్గర వసూలు చేస్తారు. "ఏం కాదులే, 50 అని పెట్టేద్దాం" అని ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోవద్దు. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి తెలుసుకుంటుంది. అబద్ధమని తేలితే క్లెయిమ్‌కే ఎసరు.

మీరు రాసినదాంట్లో ఇంకో మాట ఉంది. పోయినేడు మీ ఆల్టో అమ్మేశానని, దాని మీద ఎప్పుడూ క్లెయిమ్ వేయలేదని. మరి మీ బోనస్ ఏమైనట్టు? అది మీదే. నేను వ్యాగనార్ అమ్మి ఇంకో కారు కొన్నప్పుడు పాత కంపెనీని నో క్లెయిమ్ బోనస్ లెటర్ అడిగాను. అమ్మకం కాగితాలు, పేరు మారిన ఆర్‌సీ కాపీ ఇస్తే పంపించారు. ఆ లెటర్ మూడేళ్ల దాకా చెల్లుతుంది. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకు 50. ఇంతకు మించిన డిస్కౌంట్ నేనైతే ఎక్కడా చూడలేదు.

ఈ శాతాలు మొత్తం ప్రీమియం మీద కాదు, ఓన్ డ్యామేజ్ భాగం మీదే, అంటే మన కారుకు జరిగే నష్టానికి కట్టేదాని మీద. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం పెట్టింది. 2022 జూన్ రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ లోపు కారుకు 3,416 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. కర్నూలులో ఏజెంటు దగ్గర తీసుకున్నా, ఫోన్‌లో కొన్నా అదే. అందుకే రెండు మూడు కొటేషన్లు తీసుకుని ఓన్ డ్యామేజ్ లైన్ ఒక్కటే పక్కపక్కన పెట్టి చూడండి.

అక్కడ ఐడీవీ, అంటే పాలసీలో కారుకు కట్టిన విలువ, కూడా చూడాలి. ఐదేళ్లు దాటిన బండికి దాన్ని మాట్లాడుకుని పెడతారు కాబట్టి, ప్రీమియం చవగ్గా కనిపించాలని తగ్గించేస్తుంటారు. రేపు కారు దొంగతనం అయితే చేతికొచ్చేది ఆ లెక్క ప్రకారమే. నాలుగైదు వందల కోసం యాభై వేలు వదులుకోవద్దు.

చిన్న గీతలకు క్లెయిమ్ వేయకండి. మా బావ కారు రాజ్‌విహార్ సెంటర్ దగ్గర ఆటోకు తగిలి బంపర్ పగిలింది. బంపర్ 3,000, ఫిట్టింగు, పెయింటు 2,000. జీరో డెప్ (పార్టుల అరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు కాబట్టి ప్లాస్టిక్‌కు సగమే ఇస్తారు, ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన తప్పనిసరి కోత ఇంకో వెయ్యి. మహా అయితే రెండున్నర వేలు వచ్చేది. ఆయన ఓన్ డ్యామేజ్ ప్రీమియం తొమ్మిది వేలు, క్లెయిమ్ వేస్తే తర్వాతి ఏడాది రావాల్సిన 45 శాతం బోనస్ పోతుంది, అంటే నాలుగు వేల పైమాటే. కాగితం మీద ఈ లెక్క వేసి చూపిస్తే చేతి డబ్బుతోనే చేయించుకున్నాడు.

15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ మీకు ఇప్పటికే ఉంటే కంపెనీకి చెప్పండి, కారు పాలసీతో మళ్లీ కట్టక్కర్లేదు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ మాత్రం తగ్గించుకునే ఖర్చని నేననుకోను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు మన కర్నూలు ఊళ్లోకి వచ్చిన సంగతి మనకు తెలిసిందే. మునిగిన కారును స్టార్ట్ చేస్తే నీళ్లు లోపలికి పోయి ఇంజిన్ పాడవుతుంది, మామూలు పాలసీ దానికి డబ్బులివ్వదు. ఏటి పక్క కాలనీలో ఉంటే తీసుకోండి.

ఓనర్‌షిప్ మారిన 14 రోజుల్లోపు పాలసీ మీ పేరుకు మార్చమని అప్లికేషన్ ఇవ్వాలి. ఈలోపు ఏమైనా జరిగితే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది, కాబట్టి ఈ వారమే ఆ పని చూసుకోండి. ఆల్టో కంపెనీకి కూడా లెటర్ కోసం ఇప్పుడే రాయండి.