చిల్లు పడిన గుల్లలే ఏరుకో

చిట్టీ,

స్కాట్లాండ్‌లో సీటొచ్చిందని, చల్లటి సముద్రాల్లో గుల్లల్ని జీవులు ఎట్లా తొలిచేస్తాయనేది ప్రాజెక్టుగా ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. నువ్వేమో తెగ టెన్షన్ పడుతున్నావంట. ఇన్నేళ్లు జువాలజీ పాఠాలు చెప్పిన మామయ్యగా నాకు తోచింది రాస్తున్నా.

వెళ్లేలోపు ఓ ఆదివారం పొద్దున్నే మైపాడు బీచ్‌కి పోయి గుల్లలు ఏరుకురా. అందరూ నున్నగా మెరిసేవి ఏరతారు, నువ్వు మాత్రం చిల్లులు పడ్డవీ చివికినవీ తీసుకో. మన జీవులు వేరు, అక్కడివి వేరు, చిల్లుని చదివే పద్ధతి మాత్రం ఒకటే.

గుండ్రటి చిల్లు ఒక్కటే ఉంటే దాదాపుగా నత్త పనే. అంచు లోపలికి ఏటవాలుగా దిగితే నాటికా జాతి, నిలువుగా దిగితే మ్యూరెక్స్ జాతి. అక్కడి రాళ్ల మీద కనిపించే డాగ్ వెల్క్ ఈ రెండో రకమే, స్రావంతో గుల్లని మెత్తబరిచి గరుకు నాలుకతో గీకుతూ రోజుల తరబడి తొలుస్తుంది. రెండు చిన్న చిల్లులు అతుక్కున్నట్టు ఉంటే పాలిడోరా పురుగు. ఇక ఆల్చిప్ప జల్లెడలా అయిపోయి ఉంటే అది క్లయోనా స్పాంజి, నన్నడిగితే వీటన్నిటిలోకీ గడుసుది ఇదే. గుల్ల మొత్తాన్నీ కరిగించే శ్రమ పెట్టుకోదు, చుట్టూ సన్నగా కరిగించి కంటికి ఆనని పలుకుల్ని ఊడదీసి బయటికి తోసేస్తుంది, అందుకే గుల్లతోపాటు దాని కింది మట్టిని కూడా కాస్త తెచ్చుకుని మైక్రోస్కోప్ కింద చూడు. బెర్ముడాలో ఇలాంటి స్పాంజి మీదే పనిచేసి న్యూమన్ అనే శాస్త్రవేత్త 1966లో బయోఎరోజన్ (జీవులు గుల్లల్నీ రాళ్లనీ తొలిచి అరగదీయడం) అనే మాట తెచ్చాడు, ఆ పేపర్ ముందు చదువు.

ఏ గుల్లనైనా తప్పకుండా తిప్పి చూడు. లోపలి నున్నటి వైపు నుంచి తొలిచి ఉంటే ఆ జీవి చచ్చాక జరిగిన పని అది. బయటి నుంచి తొలిచిన చోట లోపల కొత్త పొర పోసి మూసేసి ఉంటే, బతికుండగానే దాడి జరిగిందన్నమాట.

చలికి అన్నీ నిదానం కదా అంటావేమో. నిజమే, ఉష్ణమండల పగడపు దిబ్బల్ని కొరికే చిలకచేపలు అక్కడుండవు, ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్లూ, రాళ్లకి అతుక్కునే లింపెట్ నత్తలే పాచితోపాటు గుల్లనీ గీకుతాయి. కానీ చాలాచోట్ల అడుగున మట్టి పేరుకోవడం కూడా నిదానమే, గుల్లలు పూడిపోక ఏళ్ల తరబడి బయటే పడి ఉంటాయి, తొలిచేవాటికి బోలెడు టైము. పైగా చల్లటి నీళ్లు కార్బన్ డయాక్సైడ్‌ని ఎక్కువ పట్టుకుంటాయి, దాంతో గుల్లలు తేలిగ్గా కరుగుతాయి. గుల్లల్లోని కాల్షియం కార్బొనేట్‌కి అరగొనైట్, కాల్సైట్ అని రెండు రూపాలు, అరగొనైట్ గుల్లలు ముందు కరుగుతాయి, ఆల్చిప్పలో ఉండే కాల్సైట్ ఇంకొంచెం నిలుస్తుంది. కాబట్టి ఆల్చిప్పలే ఎక్కువ దొరికాయని అక్కడ అవే ఎక్కువ బతికాయని రాసేయకు.

నాచూ ఫంగసూ తొలిచే, కంటికి కనిపించని సొరంగాల్లోకి రెజిన్ (గట్టిపడే జిగురు) ఎక్కించి, పలచటి యాసిడ్‌లో గుల్లని కరిగిస్తే అచ్చు మిగులుతుంది, దాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తారు. నాచుకి వెలుతురు కావాలి, ఫంగస్‌కి అక్కర్లేదు, గుల్ల ఏ లోతులో పడి ఉందో ఆ తేడా కొంత చెబుతుంది.

గుల్లని కడిగే ముందే ఫోటో తీసుకో. చోటు, తేదీ, లోతు పెన్సిల్‌తో రాసి చీటీ సంచి లోపలే వెయ్యి, పెన్ను ఇంకు తడికి కారిపోతుంది.

మీ మామయ్య