వేకెంటా, అనాక్యుపైడా: తాళమేసిన ఇంటికి ఏది రాయాలె?

ప్రశ్న: సార్, మాది నల్లగొండ రామగిరి. పిల్లల చదువుల కోసం హైదరాబాద్‌ల ఉంటున్నం. ఇక్కడి ఇల్లు కిరాయికి ఇద్దామని ఆన్‌లైన్‌ల పెడుతుంటె ఫారంల వేకెంట్, అవైలబుల్ అని వేరేవేరుగ అడుగుతున్నది, ఇన్సూరెన్స్ కాయితంల ఏమో అనాక్యుపైడ్ అని ఉన్నది. ఇల్లు ఖాళీనే గాని ఒక రూముల మా బీరువా, మంచాలు పెట్టి తాళమేసినం. ఇవన్నీ ఒకటే కాదా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: కాదమ్మా. అనాక్యుపైడ్ అంటే ఇంట్ల మనుషులు ఉంటలేరు అని, అంతే, సామాను ఉన్నా సరే. వేకెంట్ అంటే ఇన్సూరెన్స్ భాషల మనుషులూ లేరు, సామానూ లేదు. మీ బీరువా, మంచాలు లోపలున్నయి కాబట్టి మీది అనాక్యుపైడ్. ఇది చిన్న సంగతి కాదు, ఎందుకంటె మన దగ్గర ఎన్నో ఏండ్ల సంది నడిచిన స్టాండర్డ్ ఫైర్ పాలసీల ఇల్లు 30 రోజులకు మించి అనాక్యుపైడ్‌గ ఉంటె, కంపెనీకి ముందే చెప్పి పాలసీ మీద రాయించుకోకపోతె, కవరేజీ ఆగిపోతదని షరతు ఉండె. మీ పాలసీ తీసి ఆ పేరా దొరుకుతదేమో ఇయ్యాల్నే చూడుండ్రి, నిజంగ చెప్తున్న, అగ్గి అంటుకున్నంక చూస్తె లాభం లేదు.

ఎంప్టీ మామూలు మాట, లోపల ఏం లేదని. కిరాయికున్నాయన సామాను తీసుకపోయిండు గాని తాళంచెవి ఇయ్యలేదు, అగ్రిమెంట్ ఇంకా నడుస్తనే ఉన్నది అనుకోండ్రి, ఇల్లు ఎంప్టీనే, ఓనర్ చేతికి మాత్రం రాలేదు. అందుకే అమ్మకం కాయితాలల్ల వేకెంట్ పొజెషన్ అని రాస్తరు, అంటే కిరాయిదారు ఉండొద్దు, పాత సామాను ఉండొద్దు, కొన్నాయన తాళం తీసి సీదా లోపలికి పోవాలె. రేపు మీరు ఇల్లు అమ్మితె ఆ బీరువా గూడ తీయాల్సిందే.

అవైలబుల్ సంగతి వేరే. ఒకటో తారీఖుకు ఖాళీ చేస్తమన్న కిరాయిదారు ఇంకా ఉన్నా అవైలబుల్ అని పెట్టొచ్చు, అటు సున్నాలు, బోరు మోటరు రిపేరు నడుస్తున్న ఇల్లు వేకెంటే గాని అవైలబుల్ కాదు. 2011 జనగణనల దేశంల 2.47 కోట్ల ఇండ్లు వేకెంట్ అని తేలితె చాలమంది అన్ని కిరాయి ఇండ్లున్నయా అనుకున్నరు, అది తప్పు, ఆ లెక్క అప్పటికి ఎవరూ వాడని వాటిదే, కిరాయికి ఇస్తరా లేదా అన్నది అండ్ల లేదు.

మీరు ఆన్‌లైన్‌ల అవైలబుల్ అని పెట్టి, కింద ఒక రూము ఓనర్ దగ్గరే ఉంటదని రాయుండ్రి. అగ్రిమెంట్‌ల గూడ ఆ రూము ఏదో గుర్తుపెట్టి రాయించుకోండ్రి.