కాఫీ మెషిన్ కొంటున్నారా? ముందు దాని పక్క తలుపు తీసి చూడండి

ఇంట్లో వాడుకునే ఆటోమేటిక్ ఎస్ప్రెసో మెషిన్ల గురించి విశాఖ పాఠకులు అడిగిన ప్రశ్నలు, వాటికి మా గృహోపకరణాల విభాగం జవాబులు ఈ వారం.

ప్రశ్న: ఇంట్లో రోజుకు ఐదారు కప్పుల కాఫీ అవుతుంది. బటన్ నొక్కితే గింజలు తనే మరపట్టుకుని కాఫీ ఇచ్చే మెషిన్ కొందామనుకుంటున్నాం. 50 వేలు దాటకూడదు. షాపులో 15 బార్ కన్నా 19 బార్ మంచిదంటున్నారు. ఆన్‌లైన్‌లో 5 వేల మెషిన్‌కూ ‘ఆటోమేటిక్’ అనే పేరు. ఏది చూసి కొనాలి?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: బార్ అంటే ఒత్తిడి కొలత. ఆ లెక్క పక్కన పెట్టేయండి. ఎస్ప్రెసో (ఒత్తిడితో తీసే చిన్న కప్పు కాఫీ) దిగడానికి కాఫీ పొడి మీద కావలసిన ఒత్తిడి 9 బార్లు, కాస్త అటూ ఇటూ. పెట్టె మీద రాసిన 15, 19 అన్నవి నీటి దారి పూర్తిగా మూసేస్తే పంపు చేరగల గరిష్ఠ ఒత్తిడి. కప్పులోకి వచ్చే రుచికీ ఆ అంకెకూ సంబంధం లేదు. 4, 5 వేలకు దొరికే 800 వాట్ల మెషిన్లలో అసలు పంపే ఉండదు. మూసిన గిన్నెలో నీళ్లు మరిగి, ఆ ఆవిరి ఒత్తిడికే నీరు పొడిలోంచి బయటికొస్తుంది. వేడెక్కువై కాఫీ మాడు చేదుగా దిగుతుంది. 10 నుంచి 25 వేల మధ్య దొరికేవాటిలో చాలావరకు పంపు ఉంటుంది కానీ పొడి కొట్టడం, గిన్నెలో నింపి అదమడం మీ పనే. మంచి గ్రైండర్ విడిగా కొనాలి. మీరడిగిన పని చేసేది ‘బీన్ టు కప్’ రకం ఒక్కటే.

ఆ రకంలో మీ బడ్జెట్ చుట్టుపక్కల తరచూ కనిపించేవి డెలాంగీ మాగ్నిఫికా ఎస్, ఫిలిప్స్ 2200 లాట్టేగో. ఎన్ని రకాల కాఫీ ఇస్తుందన్నది తర్వాత సంగతి. ముందు నీళ్ల ట్యాంకు బయటికి తీయించి, లోపలి చిన్న తలుపు తెరిపించండి. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ భాగం ఒకటి కనిపిస్తుంది. దాన్ని బ్రూ యూనిట్ అంటారు. గ్రైండర్ నుంచి పొడి అందులో పడుతుంది, పిస్టన్ దాన్ని బిళ్ళలా అదుముతుంది, వేడినీళ్లు దానిలోంచి దూసుకుపోతాయి, చివరికి ఆ పిప్పి బిళ్ళ డబ్బాలో పడుతుంది. కాఫీ జిడ్డు, తడి, వెచ్చదనం మూడూ ఒకేచోట ఉండే భాగం ఇది. మన ఊరి చెమ్మకు అక్కడ బూజు పట్టడానికి ఎన్నో రోజులు అక్కర్లేదు. అందుకే అది చేత్తో ఊడివచ్చి, కుళాయి కింద కడగడానికి వీలైన మెషినే తీసుకోండి. పైన చెప్పిన రెండింటిలోనూ ఊడివస్తుంది. జ్యూరా లాంటి ఖరీదైన మెషిన్లలో అది లోపలే బిగించి ఉంటుంది, శుభ్రానికి లోపల వేసే క్లీనింగ్ మాత్రల మీదే ఆధారపడాలి. సముద్రం పక్క ఊళ్లో కడగడానికి వీలైనదే చివరికి చవక అవుతుంది.

ఇక ఆ రెండింటి మధ్య తేడా పాల దగ్గరే. లాట్టేగోలో పాలగిన్నె రెండు ముక్కలు, మధ్యలో సన్నగొట్టాలు లేవు, నిమిషంలో కడిగేయొచ్చు. మాగ్నిఫికా ఎస్‌లో ఆవిరి గొట్టం కింద గిన్నె పట్టుకుని మీరే నురగ తీయాలి. పని ఎక్కువే, కానీ పాలు ఎంత వేడి కావాలో మీ చేతిలో ఉంటుంది. కాపుచినో రోజూ తాగే ఇల్లయితే లాట్టేగో, ఎస్ప్రెసో ఎక్కువైతే మాగ్నిఫికా ఎస్. గ్రైండర్ సెరామిక్‌దా స్టీల్‌దా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. గింజల్లో చిన్న రాయి పడితే రెండూ దెబ్బతింటాయి. మొదటిసారి గింజలు పోసేముందు పళ్లెంలో పరిచి ఒకసారి చూసుకోండి.

ఇంట్లో కొలవాల్సినవీ ఉన్నాయి. వెడల్పు పాతిక సెంటీమీటర్లలోపే కానీ, పైమూత తెరిచి గింజలు పోయడానికి అలమర కింద జానెడు ఖాళీ ఉండాలి. ఇవి 1,450 నుంచి 1,500 వాట్లు లాగుతాయి, అంటే 6 ఆంపియర్లు దాటుతుంది. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గుకే పెట్టండి. ఇంట్లో మామూలుగా ఉండే 900 వీఏ ఇన్వర్టర్ దీన్ని మోయలేదు. కొనేముందు మీ పిన్‌కోడ్‌కు ఇంటికొచ్చి సర్వీస్ చేస్తారా, మెషిన్‌ను వేరే ఊరికి పంపాలా అన్నది రాతపూర్వకంగా అడగండి. పంపాల్సివస్తే థర్మోకోల్‌తో సహా అసలు పెట్టె ఉండాలి. పారేయకండి.

ప్రశ్న: మా చెల్లి న్యూజెర్సీ నుంచి సంక్రాంతికి వస్తూ అక్కడి మెషిన్ తెస్తానంటోంది. ఇక్కడికన్నా చవకట. తెప్పించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: వద్దండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గుకు పెడితే బోర్డు, హీటరు కాలిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటే 2,000 వీఏ స్థాయిది కావాలి, దాని బరువూ ధరా మీరు మిగుల్చుకున్నదాన్ని తినేస్తాయి. అది పెట్టినా మన కరెంటు లయ 50 హెర్ట్జే, 60కి మారదు. ఈ మెషిన్లలోని వైబ్రేషన్ పంపు కరెంటు లయను బట్టే కొట్టుకుంటుంది కాబట్టి ఇక్కడ నెమ్మదిస్తుంది. మన దగ్గర వారంటీ దొరకడమూ కష్టమే. చెల్లిగారిని మంచి కాఫీ కప్పులు తెమ్మనండి.

ప్రశ్న: మెషిన్ కొని పది రోజులైంది. అరకు గింజలు, మీడియం రోస్ట్. కాఫీ పలచగా, పుల్లగా వస్తోంది. మెషిన్‌లో లోపమా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: లోపం కాకపోవచ్చు. కొత్త మెషిన్లు సాధారణంగా మర కాస్త బరకగా పెట్టి వస్తాయి. బరక పొడిలోంచి నీళ్లు గబగబా జారిపోతాయి, పులుపు ముందు దిగుతుంది, తీపీ చిక్కదనమూ పొడిలోనే ఉండిపోతాయి. గింజల డబ్బాలోని గుండ్రటి నాబ్‌ను సన్నం వైపు ఒక్క మెట్టు తిప్పండి. గ్రైండర్ తిరుగుతున్నప్పుడే తిప్పాలి. ఆగి ఉన్నప్పుడు తిప్పితే పళ్ల మధ్య ఇరుక్కున్న గింజల వల్ల మర పాడవుతుంది. తిప్పగానే తేడా తెలియదు, పాత పొడి దారిలో మిగిలి ఉంటుంది. రెండు మూడు కప్పులయ్యాక రుచి చూసి, అప్పుడు ఇంకో మెట్టు. ధార సన్నగా తేనె జారినట్టు వస్తే సరిగ్గా ఉన్నట్టు. చుక్కచుక్కగా పడుతూ మాడు చేదు వస్తే ఒక మెట్టు వెనక్కి రండి.

తర్వాత స్ట్రాంగ్ గుర్తును అన్నిటికన్నా ఎక్కువకు పెట్టండి. వేడి మార్చే వీలుంటే అదీ ఎక్కువకు పెట్టండి, తేలికగా వేయించిన గింజలకు ఇది తప్పనిసరి. కప్పు పరిమాణం 35 నుంచి 40 మి.లీ. దగ్గర ఆపండి. చాలామంది పొరపాటు ఇక్కడే జరుగుతుంది. కాఫీ షాపులో డబుల్ షాట్‌కు 18 గ్రాముల దాకా పొడి వేస్తారు. ఈ మెషిన్లలో ఒక విడతకు పట్టేది దాదాపు 7 నుంచి 11 గ్రాములే. ఆ కాస్త పొడిలోంచి 80 మి.లీ. లాగితే కషాయమే వస్తుంది. పెద్ద కప్పు కావాలంటే 40 మి.లీ. చొప్పున రెండుసార్లు తీయండి. పైన నురగ పలచగా ఉందని బెంగ వద్దు, అరకులో పండే అరబికా రకానికి రోబస్టా రకమంత నురగ రాదు.

ప్రశ్న: మా అత్తయ్యగారికి చికోరీ కలిపిన ఫిల్టర్ పొడే ఇష్టం. పొడి వేసుకునే చిన్న గొట్టం ఉంది కదా, అందులో వేయొచ్చా? గింజలు ఏవి కొనాలి?
— ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: చికోరీ పొడి అందులో వేయకండి. చికోరీ నీళ్లలో చాలావరకు కరిగి బంకలా మారుతుంది. బ్రూ యూనిట్ పైనున్న జల్లెడ రంధ్రాలు సూదిమొన అంతే ఉంటాయి, అవి మూసుకుపోతే కాఫీ దిగడం ఆగిపోతుంది. ఇన్‌స్టంట్ పొడి కూడా ఇదే కారణంగా నిషిద్ధం. ఆ గొట్టంలో అచ్చమైన కాఫీ పొడి, మెషిన్‌తో వచ్చిన చెంచాతో ఒక్కటే. రెండో చెంచా వేస్తే పొడి పక్కలకు చింది లోపల ముద్దకడుతుంది. నిజం చెప్పాలంటే, అత్తయ్యగారు కోరుకునే చిక్కటి డికాక్షన్ రుచి ఏ ఎస్ప్రెసో మెషినూ ఇవ్వదు. ఆవిడకు ఫిల్టరే ఉంచండి.

గింజల విషయంలో మనం అదృష్టవంతులం. పాడేరు, అరకు, చింతపల్లి కొండల మీద సిల్వర్ ఓక్ నీడలో మిరియాల తీగల పక్కన పండే అరబికా మన గుమ్మంలోనే ఉంది. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ అమ్మే గిరిజన సహకార సంస్థ కేంద్ర కార్యాలయం కూడా విశాఖలోనే. ఎవరి దగ్గర కొన్నా పొడి కాకుండా గింజలు, అందులోనూ మీడియం రోస్ట్ అడగండి. పొట్లం మీద వేయించిన తేదీ చూడండి. వేయించి వారం దాటి, నెలలోపు ఉన్నవి బాగుంటాయి. నాలుగు గింజలు టిష్యూ కాగితంలో వేసి నొక్కితే నూనె మరక పడిందా, అవి ఈ మెషిన్‌కు పనికిరావు. జిడ్డు గింజలు డబ్బా గోడలకు అతుక్కుని కిందికి జారవు, గ్రైండర్ ఖాళీగా తిరుగుతుంది. డబ్బాలో 250 గ్రాములు పడుతుంది కదాని నింపేయకండి. రెండు రోజులకు సరిపడా పోసి, మిగతావి గాలి చొరని డబ్బాలో ఉంచండి. ఫ్రిజ్‌లో వద్దు, తీసిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది. కిలో గింజలు 1,200 రూపాయలనుకుంటే 9 గ్రాముల కప్పుకు గింజల ఖర్చు 11 రూపాయల లోపే.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు. తాగడానికి ఆర్‌వో ఉంది. మెషిన్‌కు ఏవి వాడాలి? సున్నం పోవడానికి వెనిగర్ పోయమంటున్నారు.
— ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: బోరు నీళ్లు నేరుగా వద్దు. సున్నం హీటరు గొట్టాల్లో గట్టిపడుతుంది. తీరం దగ్గర కొన్ని బోర్లలో ఉప్పదనం కూడా ఉంటుంది, అది స్టీలును తినేస్తుంది, దానికి ఏ మందూ లేదు. ఆర్‌వో నీళ్లు పోయండి, కానీ టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క) 20, 30కి పడిపోతే కాఫీ చప్పగా దిగుతుంది. ప్యూరిఫయర్ మెకానిక్ వచ్చినప్పుడు 75 నుంచి 150 మధ్యకు పెట్టించండి. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లు వచ్చే ఇంట్లో వాటిని వడగట్టి వాడినా సరిపోతుంది. మీటరు చూపే టీడీఎస్ వేరు, నీటి కాఠిన్యం వేరు. మెషిన్‌తో ఇచ్చిన కాగితపు పట్టీని నీళ్లలో ముంచి, దాని రంగుకు తగ్గ అంకెను మెషిన్‌లో పెట్టండి. సున్నం తీయమని చెప్పే డీస్కేల్ లైటు ఎప్పుడు వెలగాలో ఆ అంకెను బట్టే ఉంటుంది.

వెనిగర్ వద్దు. రబ్బరు రింగులకు మంచిది కాదు, వాసన వారాల తరబడి పోదు. కంపెనీ చెప్పిన ద్రావణమే వాడండి. ట్యాంకులో ఫిల్టరు ఉంటే ముందు తీసేయండి. దాదాపు అరగంట పని, మధ్యలో ఆపకూడదు. ఆపితే యాసిడ్ లోపలే నిలిచిపోతుంది. 5,000 కప్పుల దాకా డీస్కేల్ అక్కర్లేదని ఫిలిప్స్ చెప్పేది కూడా వాళ్ల ఫిల్టరును అడిగినప్పుడల్లా మారిస్తేనే. ఆ ఫిల్టర్ల ధర బడ్జెట్‌లో కలుపుకోండి.

ప్రశ్న: పాలు సరిగా నురగ రావు, కాఫీ గోరువెచ్చగా ఉంటోంది.
— ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం

జవాబు: కాచిన పాలు పోస్తున్నారేమో చూడండి. మీగడ తునకలు సన్నటి దారుల్లో ఇరుక్కుంటాయి. పాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే, ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా అలాగే పోయండి. కాచినవే వాడాలంటే చల్లార్చి, వడగట్టి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి వాడండి. నురగ నిలిచేది ప్రోటీన్ వల్ల, చిక్కదనం వెన్న వల్ల. 3 శాతం వెన్న ఉన్న టోన్డ్ పాలకు నురగ బాగానే వస్తుంది, 6 శాతం ఫుల్‌క్రీమ్‌కు రుచి ఎక్కువ. మెషిన్ పాలను 60, 65 డిగ్రీల దగ్గరే ఆపుతుంది. పొగలు కక్కే కాఫీ అలవాటున్న మనకు అది చల్లగానే అనిపిస్తుంది. కప్పును ముందు వేడినీళ్లతో నింపి పారబోయండి, చాలా తేడా తెలుస్తుంది. పాలగిన్నె మాత్రం పూటపూటా కడగాల్సిందే.

ప్రశ్న: బీచ్ ఎదురిల్లు. నెల రోజులు ఊరెళ్లి వచ్చేసరికి మెషిన్ లోపల తెల్లటి బూజు. ఇక పారేయాల్సిందేనా?
— ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: పారేయక్కర్లేదు. మెషిన్‌ను బటన్‌తో ఆపి, బ్రూ యూనిట్ దాని స్థానానికి వచ్చాక ప్లగ్గు తీయండి. యూనిట్‌ను బయటికి తీసి గోరువెచ్చటి నీళ్లలో ఐదు నిమిషాలు నాననిచ్చి, మెత్తటి బ్రష్‌తో జల్లెడ రుద్ది కడగండి. సబ్బు వద్దు, రబ్బరు రింగుల మీది గ్రీజు పోతుంది. నీడన ఆరబెట్టి, మీ మాన్యువల్ గ్రీజు రాయమంటే ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. లోపలి గూట్లో మిగిలిన పొడిని పొడిబట్టతో తుడవండి. రింగు పగిలి ఉంటే మార్చాలి, లేకపోతే నీళ్లు పక్కనుంచి కారిపోయి కాఫీ పలచనవుతుంది. తర్వాత రెండు ట్యాంకుల వేడినీళ్లు బయటికి పంపి, మొదటి మూడు కప్పులు పారబోయండి.

మామూలు రోజుల్లో యూనిట్‌ను వారానికోసారి కడగండి. పిప్పి డబ్బా రోజూ ఖాళీ చేయండి, అదీ మెషిన్ ఆన్‌లో ఉన్నప్పుడే. ఆఫ్‌లో తీస్తే మెషిన్ వేసుకునే పిప్పి బిళ్ళల లెక్క సున్నాకు రాదు, ఖాళీ డబ్బాకే నిండిందని లైటు వెలుగుతుంది. ఊరెళ్లేటప్పుడు ట్యాంకు, పిప్పి డబ్బా, గింజలు అన్నీ ఖాళీ చేసి, యూనిట్ బయటపెట్టి, పక్క తలుపు తెరిచే ఉంచండి. పైన ప్లాస్టిక్ కవరు బదులు నూలుగుడ్డ కప్పండి. డబ్బాలో మిగిలిన పాత గింజలకు బూజు వాసన ఉంటే పారేయండి, అవి గ్రైండర్‌లోకి వెళ్లకూడదు.