నాన్నగారి గాలం, బావమరిది తుపాకి: టెక్సస్ లైసెన్సుల్లో రాయితీ ఎవరికి?

ప్రశ్న: మేము ఐదేళ్ళుగా డాలస్ దగ్గర అర్వింగ్‌లో ఉంటున్నాం. నాది హెచ్‌-1బీ. మా నాన్నగారు భారత సైన్యంలో హవల్దారుగా చేశారు. శ్రీలంకకు వెళ్ళిన శాంతి దళంలో ఉండగా మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. డిజెబిలిటీ పెన్షన్ వస్తోంది. ఇప్పుడు విజిటర్ వీసా మీద నాలుగు నెలలకు మా దగ్గరికి వచ్చారు. గోదావరి కాలవ గట్టున గాలం వేస్తూ పెరిగిన మనిషి, ఇక్కడా చేపలు పడతానంటున్నారు. మా బావమరిది వీసా మీద ఉన్నవాళ్ళని చేర్చుకున్న మావ్నీ పథకంలో అమెరికా సైన్యంలో చేరి, సిటిజన్ అయ్యి, గౌరవప్రదంగా బయటికొచ్చాడు. నడుముకి 40 శాతం, చెవుల్లో హోరుకి 10 శాతం వైకల్యం ఉందని, మొత్తం 50 అని వీఏ (అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) లెటర్ ఇచ్చింది. అతనికి వేట, చేపల లైసెన్సు ఉచితమట. మా నాన్నగారికి కాలే లేదు కదా, ఆ రాయితీ ఆయనకు రాదా? సెప్టెంబరులో గువ్వల వేటకి అందరం వెళ్దామని బావమరిది అంటున్నాడు. నేనూ, నాన్నగారూ తుపాకి పట్టుకోవచ్చా? పక్కింటివాళ్ళ అబ్బాయికి 19 ఏళ్ళు, బుద్ధిమాంద్యం ఉంది. వాడిని చెరువుకి తీసుకెళ్తే వాడికీ లైసెన్సు కావాలా?

జవాబు: మీ ప్రశ్నల వరస మార్చి తుపాకి సంగతి ముందు చెబుతాను. లైసెన్సు లేకుండా చేప పడితే టెక్సస్ చట్టంలో అది 25 నుంచి 500 డాలర్ల జరిమానాతో పోయే తప్పు. తుపాకి విషయంలో తప్పు జరిగితే అది ఫెడరల్ నేరం. మీ ఉద్యోగం, వీసా, గ్రీన్ కార్డ్ వరసలో ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన కాలం అన్నీ దానితో ముడిపడతాయి.

ఫెడరల్ చట్టం టైటిల్ 18, సెక్షన్ 922(జి)(5)(బి) ప్రకారం నాన్‌-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకి గానీ, తూటాలు గానీ ఉండకూడదు. హెచ్‌-1బీ, హెచ్‌-4, ఎల్‌-1, ఎఫ్‌-1, బీ-2 అన్నీ ఇందులోకి వస్తాయి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకు ఈ నిషేధం లేదు. శిక్ష 2022లో పెంచారు, ఇప్పుడు గరిష్ఠంగా 15 ఏళ్ళు. తుపాకి సొంతంగా కొనుక్కుంటేనే ఇది వర్తిస్తుందని మనవాళ్ళలో చాలామంది నమ్మకం. షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని పది నిమిషాలు పేల్చినా చేతిలో ఉన్నట్టే లెక్క. సుప్రీంకోర్టు 2019లో తేల్చిన రెహాయిఫ్ కేసు అలా మొదలైందే. స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకి వచ్చి, యూనివర్సిటీ నుంచి తీసేశాక కూడా దేశంలో ఉండిపోయిన యువకుడు ఒక రేంజ్‌లో తుపాకి పేల్చాడు. అతని మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తన ఇమిగ్రేషన్ పరిస్థితి అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని కోర్టు చెప్పింది. ఆ ఊరట వచ్చేలోపు అతను ఏమేం పడ్డాడో ఊహించుకోండి. వారాంతంలో రేంజ్‌కి వెళ్ళి తుపాకితో ఫొటో దిగి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే హెచ్‌-1బీ కుర్రాళ్ళని చూసినప్పుడల్లా నాకు గుండె గుబేలుమంటుంది. తనకు వ్యతిరేకంగా తానే ఇచ్చే సాక్ష్యం అది.

అయితే అదే చట్టంలో మినహాయింపూ ఉంది. సెక్షన్ 922(వై)(2) ప్రకారం, చట్టబద్ధంగా వీసా మీద వచ్చిన మనిషి దగ్గర అమెరికాలో జారీ అయిన వేట లైసెన్సు ఉంటే పై నిషేధం అతనికి వర్తించదు. చేపల లైసెన్సు పనికిరాదు, వేట లైసెన్సే ఉండాలి. కాబట్టి మీకు ఆ కాగితం వేటకి అనుమతి మాత్రమే కాదు, తుపాకి ముట్టుకునే హక్కు మొత్తం దాని మీదే నిలబడి ఉంటుంది. బావమరిది తుపాకి మీ చేతికి రాకముందే తీసుకోండి. టెక్సస్‌లో వరుసగా ఆరు నెలలకు పైగా ఉన్నారు కనుక వీసా ఏదైనా లైసెన్సు లెక్కలో మీరు రెసిడెంటే. వేట లైసెన్సు 25 డాలర్లు, గువ్వల కోసం వలస పక్షుల వేటకిచ్చే అదనపు అనుమతి, అంటే మైగ్రేటరీ బర్డ్ ఎండార్స్‌మెంట్ మరో 7.

ఇందులో రెండు చోట్ల జాగ్రత్త. టెక్సస్ లైసెన్సు ఏ నెలలో కొన్నా సాధారణంగా ఆగస్టు 31తో ముగుస్తుంది. గువ్వల సీజన్ మొదలయ్యేదేమో సెప్టెంబరు 1న. పాత లైసెన్సు జేబులో పెట్టుకుని కొత్త సీజన్‌కి బయల్దేరితే, ఇతరులకు అది చిన్న జరిమానా, మీకు ఫెడరల్ నేరం. వేట అయ్యాక బావమరిది తన తుపాకిని మీ గరాజ్‌లో వదిలి వెళ్ళినా లెక్క ఇదే, ఆగస్టు 31 దాటిన క్షణం నుంచి అది మీ నెత్తిన ఉన్నట్టు. రెండోది, ఈ మినహాయింపు స్టేటస్ సక్రమంగా ఉన్నవాళ్ళకే. ఉద్యోగం పోయి, 60 రోజుల గ్రేస్ గడువు కూడా దాటిపోతే మీరు వేరే క్లాజు కిందికి వెళ్తారు. అక్కడ వేట లైసెన్సు ఏ రక్షణా ఇవ్వదు. లేఆఫ్‌ల కాలం కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను.

మీరు 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తి చేయాలి. 17 దాటినవాళ్ళు ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. వేళకి కుదరకపోతే ఒకే ఒక్కసారి 10 డాలర్లు కట్టి వాయిదా వేసుకోవచ్చు గానీ, కోర్సు చేసిన లైసెన్సుదారు ఒకరు మీ పక్కనే ఉండాలి. బావమరిదికి ఈ కోర్సు నుంచే మినహాయింపు ఉంది, గౌరవప్రదంగా డిశ్చార్జ్ అయిన సైనికులకు టెక్సస్ ఇచ్చిన వెసులుబాటు ఇది. డీడీ-214 (సైన్యం ఇచ్చే డిశ్చార్జ్ పత్రం) కాపీ దగ్గర ఉంచుకోమనండి. వేరే రాష్ట్రాల్లో నిబంధన వేరుగా ఉంటుంది కాబట్టి అతను కూడా కోర్సు చేసేస్తే మంచిదని నా అభిప్రాయం. పైగా అప్పుడు మీ వాయిదాకి తోడు కూడా అతనే అవుతాడు.

ఇక రాయితీ. డిజేబుల్డ్ వెటరన్ సూపర్ కాంబో అని టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇస్తుంది. వేట, మంచినీటి చేపలు, సముద్రపు చేపలు, రాష్ట్ర ఎండార్స్‌మెంట్లు అన్నీ అందులో ఉంటాయి, రుసుము లేదు. మామూలు రెసిడెంటుకి సూపర్ కాంబో 68 డాలర్లు. దీనికి అర్హత ఇలా ఉంటుంది: అమెరికా సైన్యంలో చేసిన సేవ వల్ల వచ్చిన వైకల్యమని వీఏ గుర్తించాలి, అది కాలి ఉపయోగం కోల్పోవడం గానీ, 50 శాతం లేదా అంతకు మించిన రేటింగ్ గానీ కావాలి, దానికి అమెరికా ప్రభుత్వం నుంచి పరిహారం అందుతూ ఉండాలి.

మీ బావమరిది లెక్క సరిగ్గానే ఉంది. వీఏ శాతాలను మామూలుగా కూడదు. 40 తీసేస్తే మిగిలేది 60, ఆ 60లో 10 శాతం అంటే 6, మొత్తం 46. దాన్ని దగ్గరి పదికి సర్దితే 50. లెటర్‌లో రాసిన ఆ 50నే చూస్తారు, 46ని కాదు. కాబట్టి అతను వీఏ బెనిఫిట్ లెటర్ డౌన్‌లోడ్ చేసుకుని వెళ్తే చాలు. ఒకటే తేడా, ఎప్పుడైనా బాతుల వేటకి వెళ్తే 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపు అతను కూడా కొనాల్సిందే, ఆ రుసుములో డిజేబుల్డ్ వెటరన్‌కి రాయితీ లేదు. గువ్వలకి స్టాంపు అక్కర్లేదు.

ఈ జవాబు చదివే వెటరన్లలో 30, 40 దగ్గర ఆగిపోయినవాళ్ళు ఉంటారు. కొత్త సమస్య వచ్చినా, పాతది ముదిరినా రేటింగ్ పెంచమని వీఏని అడిగే హక్కు మీకుంది. పెద్ద కౌంటీలన్నిట్లో వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్ ఉంటారు, సాయానికి డబ్బు తీసుకోరు. క్లెయిమ్ వేసిపెడతామని ముందే ఫీజు అడిగేవాళ్ళ జోలికి వెళ్ళకండి.

నాన్నగారి విషయానికి వస్తే, ఆయన కోల్పోయిన కాలు కూడా ఒక దేశపు సైన్యం పంపితే వెళ్ళిన చోట పోయిందే. కానీ టెక్సస్ చట్టం చూసేది అమెరికా సైన్యపు సేవనీ, వీఏ కాగితాన్నీ. భారత సైన్యం ఇచ్చిన డిజెబిలిటీ పెన్షన్ ఆర్డరు ఇక్కడ చెల్లదు. ఆ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ కౌంటర్ దగ్గర ఆయన చేత ఆ ఆర్డరు బయటికి తీయించి కాదనిపించుకోవద్దు. సైన్యంతో సంబంధం లేని శారీరక వైకల్యానికైతే టెక్సస్ సొంత పౌరులకే పెద్దగా ఇవ్వదు, చూపు లేని రెసిడెంట్లకు 7 డాలర్ల చేపల లైసెన్సు ఉంది, అంతే. ఈ విషయంలో కాలిఫోర్నియా నయం, నడవలేనివాళ్ళకీ, చూపు లేనివాళ్ళకీ చేపల లైసెన్సు ఉచితంగా ఇస్తుంది. ఫ్లోరిడా తన రెసిడెంట్లలో శాశ్వతంగా పూర్తి వైకల్యం ఉన్నవాళ్ళకి వేట, చేపల లైసెన్సు ఉచితం చేసింది.

నాన్నగారు నాలుగు నెలలకు వచ్చారు కనుక నాన్‌-రెసిడెంట్. 65 దాటిన రెసిడెంట్ల తగ్గింపూ ఆయనకు రాదు. ఒక్క రోజుకి ఆల్‌-వాటర్ లైసెన్సు 16 డాలర్లు, మంచినీటి వార్షిక లైసెన్సు 58. వారం వారం వెళ్తామంటే వార్షికమే తీసుకోండి. అసలు పైసా లేకుండా కూడా దారి ఉంది: టెక్సస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచి, పియర్ (నీళ్ళ మీదికి కట్టిన వేదిక) మీద నుంచి గాలం వేసేవాళ్ళెవరికీ చేపల లైసెన్సు అక్కర్లేదు. రెసిడెంటా, విదేశీయుడా అని అడగరు. పార్కు ప్రవేశ రుసుము మాత్రం ఉంటుంది. మీకు దగ్గర్లో జో పూల్ లేక్ మీద సీడర్ హిల్ స్టేట్ పార్క్, డెంటన్ వైపు రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్క్ ఉన్నాయి. కృత్రిమ కాలుతో బురద గట్టు దిగడం కంటే పియర్ మీద కుర్చీ వేసుకోవడం ఆయనకి సుఖం. వెళ్ళేముందు పార్కుకి ఫోన్ చేసి, వీల్‌చైర్ వెళ్ళే పియర్ ఉందో లేదో కనుక్కోండి. పార్కు దాటి బయట సరస్సు గట్టున కూర్చుంటే మాత్రం గాలం పట్టిన ప్రతి ఒక్కరికీ ఎవరి లైసెన్సు వాళ్ళకుండాలి. ఒక లైసెన్సు, నాలుగు గాలాలు అన్నది మన కుటుంబాలు పిక్నిక్‌లలో ఎక్కువగా చేసే తప్పు. పరిమితులు కూడా అందరికీ ఒకటే. లార్జ్‌మౌత్ బాస్ అనే చేపలు మామూలుగా రోజుకి 5, పొడవు 14 అంగుళాలకు తగ్గకూడదు. కొన్ని సరస్సులకు వేరే నియమాలుంటాయి, అక్కడి బోర్డు చదవండి.

ఆయన గువ్వల వేటలో తుపాకి పట్టాలనుకుంటే పైన మీకు చెప్పిన మినహాయింపే ఆయనకీ వర్తిస్తుంది, బీ-2 అడ్డు కాదు. నాన్‌-రెసిడెంట్ ఐదు రోజుల వేట లైసెన్సు 48 డాలర్లు, ఎండార్స్‌మెంట్ 7. జింకల వేటకి ఇది చెల్లదు, గువ్వలకి చెల్లుతుంది. ఆయన 1971కి ముందే పుట్టి ఉంటారు కాబట్టి కోర్సు అక్కర్లేదు. వలస పక్షుల్ని వాహనం మీద నుంచి కాల్చకూడదన్నది ఫెడరల్ నియమం. కానీ ఒక కాలు గానీ రెండు కాళ్ళు గానీ లేనివాళ్ళు, పక్షవాతంతో రెండు కాళ్ళూ పడిపోయినవాళ్ళు ఆగి ఉన్న వాహనంలో కూర్చుని వేటాడొచ్చని ఆ నియమమే చెబుతుంది. అది ఏ దేశపు యూనిఫాం వేసుకున్నారని అడగదు, వీఏ లెటర్ అడగదు, మనిషి పరిస్థితినే చూస్తుంది. రాయితీలన్నీ ఇలా రాసి ఉంటే ఎంత బాగుండేదో. పికప్ ట్రక్కు కదలకుండా ఆపి ఉండాలి, అంతే. పాస్‌పోర్టూ, లైసెన్సూ ఆయన జేబులోనే ఉండాలి, మీ కారులో కాదు. లైసెన్సు తీసుకోకపోతే చూడటానికి మాత్రం రావచ్చు, తుపాకి ఒక్క నిమిషం కూడా ఆయన చేతికి ఇవ్వకండి.

పక్కింటి అబ్బాయికి చేపల లైసెన్సు అక్కర్లేదు, మూడు షరతులతో. లైసెన్సు ఉన్న పెద్ద ఒకరు వాడి పక్కనే ఉండి చూసుకోవాలి. ఆ పెద్ద కుటుంబ సభ్యుడు కాకపోతే కుటుంబం అనుమతి ఉండాలి. వాడికి బుద్ధిమాంద్యం ఉన్నట్టు డాక్టరు రాసిచ్చిన కాగితం వెంట ఉండాలి. ఇక్కడ లైసెన్సున్న పెద్దగా మీ బావమరిది సరిపోతాడు, మీరు వెళ్తే మీ సొంత చేపల లైసెన్సు ఉండాలి. వాళ్ళ అమ్మానాన్నల దగ్గర అనుమతి రెండు లైన్లలో రాయించుకుని సంతకం పెట్టించుకోండి. చట్టం అది రాతలోనే ఉండాలని అడగకపోయినా, గేమ్ వార్డెన్ (వేట, చేపల నియమాలు చూసే అధికారి) వచ్చి అడిగినప్పుడు ఆ పిల్లాడిని జవాబు చెప్పమని నిలబెట్టే పరిస్థితి రాకూడదు.